ఖాళీ బస్సులో ఆదివారాలు

కట్టుకున్న మొగుడితో షికారుకు వెళ్ళినందుకు నా మీద అపవాదు పడింది. అది పడ్డప్పుడు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. ఆ సంతోషం ఎలా పోయిందో చెప్పాలంటే ముందు మా కొండాపూర్ గది సంగతి చెప్పాలి.

తొంభైల చివర్లో, మాదాపూర్‌లో మొదటి పెద్ద మేడ లేచిన కొత్తల్లో, ఆయనకు అందులో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. సంవత్సరాన్ని రెండంకెలతో రాసి పెట్టిన పాత ప్రోగ్రాములన్నీ రెండువేలు రాగానే తిక్కతిక్కగా ప్రవర్తిస్తాయని అప్పట్లో అందరికీ భయం. ఆ రెండంకెల్ని నాలుగు చెయ్యడమే ఆయన పని. మేము కోస్తా నుంచి వచ్చి కొండాపూర్‌లో ఒక గది, వంటిల్లు కిరాయికి తీసుకున్నాం. అప్పటికే నాకు కీళ్ళవాతం. పెద్దవయసులో వచ్చే మోకాళ్ళ నొప్పి అనుకునేరు, అది కాదు. ముప్పై ఇంకా నిండకుండానే వేళ్ళ కణుపులు, మణికట్లు, పాదాలు వాచిపోయాయి. పొద్దున లేచేసరికి ఒళ్ళంతా బిగుసుకుపోయి ఉండేది, మధ్యాహ్నం దాటితే గానీ సడలేది కాదు. పోయే జబ్బు కాదు, అదుపులో పెట్టుకోవలసిందే అన్నాడు డాక్టరు. సంపాదించే దాంట్లో చాలా భాగం మందులకే పోయేది. అందులో నేను సిగ్గుపడాల్సిందేమీ లేదని ఆయన రోజూ చెప్పేవారు. రోజూ చెప్పాల్సి వచ్చేదంటేనే అర్థం చేసుకోండి.

ఆయన పొద్దున వెళితే మళ్ళీ చీకటి పడ్డాకే. ఇంటివాళ్ళు పొలానికి పోయేవారు. చుట్టూ బండరాళ్ళు పేల్చి రోడ్లు వేస్తున్నారు కాబట్టి మధ్యాహ్నం పూట ముందు ఈల వినపడేది, తర్వాత ఢామ్మని శబ్దం, ఆ తర్వాత మా వంటింటి గిన్నెలు గలగలలాడేవి. రోజంతా నాతో మాట్లాడింది ఆ గిన్నెలే. సాయంత్రం ఆయన తలుపు తట్టినప్పుడు “వస్తున్నా” అందామంటే గొంతు పెగిలేది కాదు, పొద్దుటినుంచీ వాడని గొంతు కదా.

ఆయన లోపలికి రాగానే అడిగే మొదటి మాట, “మాత్ర వేసుకున్నావా?” రెండో మాట, “వాపు ఎలా ఉంది?” మూడో మాట ఉండేది కాదు. మంచి మనిషి. ఆయన మంచితనాన్ని మా ఊళ్ళో, వాళ్ళ ఊళ్ళో అందరూ మెచ్చుకునేవారు. ఇంత ఓపికైన మొగుడు దొరకడం నీ అదృష్టం అని నా మొహం మీదే అనేవారు. నాకు ఒళ్ళు మండేది. మొగుడి ఓపికను మెచ్చుకుంటున్నారంటే పెళ్ళాన్ని భరిస్తున్నాడని కాక మరేమిటి?

ఇద్దరం కలిసి ఇల్లు దాటేది ఆసుపత్రికి మాత్రమే. ఒకసారి అక్కడి బల్ల మీద ఎవరో వదిలేసిన వారపత్రికలో, భార్యాభర్తలు వారానికోసారైనా ఎక్కడికైనా సరదాగా వెళ్ళి రావాలని రాశారు. కొవ్వొత్తుల వెలుగులో భోజనం చెయ్యమన్నారు. కరెంటు కోత పుణ్యమా అని అది మాకు ఎలాగూ జరిగేది. చేతిలో చెయ్యి వేసుకుని ఏ కొండమీదికో ఎక్కి సూర్యాస్తమయం చూడమన్నారు. రాసినావిడ మోకాళ్ళు దివ్యంగా ఉండి ఉండాలి. చదివి నవ్వాను గానీ, ఆ రాత్రి అన్నం పెడుతూ ఆయనతో అనేశాను: “ఆసుపత్రికి కాకుండా ఇంకెక్కడికైనా తీసుకెళ్ళండి. వారంలో ఒక్క గంట. ఆ గంటలో నన్ను రోగిలా చూడొద్దు. జబ్బు మాట ఎత్తొద్దు.”

“సరే” అన్నారు. వెంటనే, “అంతసేపు కూర్చోగలవా?” అన్నారు.

సినిమాకు వెళ్ళాం. ఇంటర్వెల్ వచ్చేసరికి నా మోకాళ్ళు కుర్చీకి అతుక్కుపోయాయి, రెండో సగం గోడకు ఆనుకుని నిలబడి చూశాను. ఆయన కూడా నాతోపాటు నిలబడి నన్నే చూశారు, తెర వైపు చూడలేదు. దుర్గం చెరువు దగ్గర కూర్చోవడానికి రాళ్ళు తప్ప ఏమీ లేవు, ఆ రాళ్ళ మీద కూర్చున్నదాన్ని లేపడానికి ఆయన పడ్డ అవస్థ చూసి అక్కడ బట్టలు ఉతుకుతున్నవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. పార్కులో పచ్చిక మీద కూర్చోవడమంటే నాకు బావిలోకి దిగడంతో సమానం. హోటలంటే మెట్లు, పైగా బిల్లు.

చివరికి మాకు పనికొచ్చింది సిటీ బస్సు. అనుకోకుండా దొరికింది. ఒక ఆదివారం గచ్చిబౌలి దగ్గర దిగబోయి దిగలేకపోయాను, కాలు మెట్టు మీద పడనని మొరాయించింది. సరేలే అని ఆఖరి స్టాపు దాకా పోయాం. అది నానక్‌రామ్‌గూడ. ఇప్పుడక్కడ మేడల నీడ తప్ప ఎండ పడదంటారు గానీ, అప్పుడు ఊరు ఊరే. నాలుగు ఇళ్ళు, జొన్న చేలు, ఏనుగుల్లాంటి బండలు, బస్సు తిరిగే చోట ఒక టీ కొట్టు. డ్రైవరూ కండక్టరూ టీకి దిగిపోయారు. ప్రయాణికులు దిగిపోయారు. బస్సంతా ఖాళీ.

హైదరాబాదు బస్సులో ఎక్కినవాళ్ళకు చెప్పక్కర్లేదు, ముందు సగం ఆడవాళ్ళది, వెనక సగం మగవాళ్ళది. ఆడవాళ్ళు ముందు తలుపులోంచి, మగవాళ్ళు వెనక తలుపులోంచి ఎక్కాలి. మొగుడూ పెళ్ళాలైనా సరే. నేను ముందు ఎక్కి నా టికెట్టు నేను తీసుకునేదాన్ని. ఆయన వెనక ఎక్కి ఆయన టికెట్టు ఆయన తీసుకునేవారు. బస్సు పొడవునా కేకలేసి “ఆవిడది కూడా ఇదిగో” అనడం ఆయనకు నామోషీ. కాబట్టి షికారులో దారంతా నాకు కనపడేది ముందు సీటావిడ జడ, ఆయనకు కనపడేది బహుశా నా కొప్పు. ఆఖరి స్టాపులో అందరూ దిగాక మాత్రం ఆయన లేచి, రాడ్లు పట్టుకుంటూ ముందుకు వచ్చి, నా పక్కన కూర్చున్నారు. బయటినుంచి గాలి. సీటు సరిగ్గా నా మోకాళ్ళకు సరిపోయే ఎత్తు. వీపుకు ఆసరా ఉంది, ముందు పట్టుకోవడానికి రాడ్డు ఉంది. దిగి మళ్ళీ ఎక్కే బాధ లేదు. ఇంతకంటే మంచి చోటు ఈ ఊళ్ళో లేదనిపించింది.

ఇక ప్రతి ఆదివారం మధ్యాహ్నం అదే మా షికారు. నొప్పి మరీ ఎక్కువైన వారం మానేసేవాళ్ళం. డ్రైవరు టీ తాగి, బీడీ కాల్చి, పేపరు తిరగేసి వచ్చేదాకా బస్సు మాది. బస్సు బయల్దేరగానే ఆయన మళ్ళీ వెనక్కి వెళ్ళి తన సీట్లో కూర్చునేవారు.

మొదట్లో ఆయనకు మాటలు దొరికేవి కాదు. జబ్బు మాట ఎత్తొద్దన్నాను కదా, అది తీసేస్తే ఆయన దగ్గర ఇంకేం మిగల్లేదు. కిటికీలోంచి బండలు చూసేవారు. నాకు కోపం వచ్చేది, “ఆ బండతో మాట్లాడండి పోనీ” అనేదాన్ని. మెల్లిగా నోరు విప్పారు. ఆఫీసులో ఏసీ చలికి అందరూ శాలువాలు కప్పుకుని రైల్వే ప్లాట్‌ఫారం మీద జనంలా ఉంటారని చెప్పారు. వాళ్ళ మేనేజరు ఇంగ్లీషులో తుమ్ముతాడని తుమ్మి చూపించారు. చిన్నప్పుడు కాలవలో పడిపోయి, బయటికి తీశాక వాళ్ళమ్మ కొడుతుందని మళ్ళీ దూకబోయిన సంగతి చెప్పారు. పెళ్ళయి అన్నేళ్ళయినా నాకు తెలియని సంగతి అది. ఎంత నవ్వానో.

వేయించిన పల్లీలు పొట్లం కట్టి తెచ్చుకునేవాళ్ళం. నా వేళ్ళతో తొక్క తీయలేను, ఆయన ఒలిచి అరచేతిలో పోసేవారు. ఇది సేవ కిందికి వస్తుందా, సరసం కిందికి వస్తుందా అని నాలో నేనే తెగ తర్జనభర్జన పడి, సరసం కిందనే రాసుకున్నాను. రాసుకోక ఏం చేస్తాను.

టీ కొట్టు నడిపే ఆవిడ కిటికీ దగ్గరికే రెండు గ్లాసులు తెచ్చి ఇచ్చేది. యాభై దాటి ఉంటాయి, పెద్ద బొట్టు, గట్టి గొంతు. నా చేతులు ఎవరూ చూడటం నాకు ఇష్టం ఉండేది కాదు. శాలువా కొంగులో చేతులు దాచి, ఆ కొంగుతోనే గ్లాసు పట్టుకునేదాన్ని. గాలి తగిలితే భుజాలు పీకేవి కాబట్టి శాలువా మెడదాకా కప్పుకునేదాన్ని. మంగళసూత్రాలు దాని కింద ఉండిపోయేవి. గాజులు నా కణుపులు దాటి ఎక్కవు. కాలివేళ్ళు వాచినప్పుడు మెట్టెలు కోసి తీయించేశాం.

ఒక ఆదివారం ఆయన పల్లీల పొట్టు పారెయ్యడానికి బస్సు దిగారు. ఆవిడ గ్లాసులు తీసుకోవడానికి వచ్చి, కిటికీ కమ్మీ పట్టుకుని, గొంతు తగ్గించింది.

“బిడ్డా, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. గాయిన నీకు ఏమైతడు?”

నాకు అర్థం కాలేదు.

“కండక్టరు చెప్పిండు. ఎక్కుడు వేరే, దిగుడు వేరే, టికెట్లు వేరే. బస్సు ఖాళీ కాంగనే పక్కకొచ్చి కూసుంటడు. మంది ఎక్కంగనే ఎనక్కి పోతడు. కాళ్ళకు మెట్టెల్లేవు, చేతులకు గాజుల్లేవు. నాకు ఎరుకైంది గని, నిన్ను చూస్తే పాపమనిపిస్తది. జర పైలం బిడ్డా. లగ్గం చేసుకుంటనన్నడా?”

అర్థమయ్యాక చెవుల దాకా వేడెక్కింది. సిగ్గుతో కాదు. ఒళ్ళంతా ఏదో ఉల్లాసం. నన్ను చూసినవాళ్ళెవరైనా “పాపం, చిన్న వయసులోనే” అనుకునేవారు, అది నాకు అలవాటైపోయింది. నన్ను చూసి, ఈమె కోసం ఒక మగవాడు లోకానికి భయపడుతూ దొంగచాటుగా వస్తున్నాడని అనుకున్న మనిషి ఈ భూమ్మీద ఆవిడొక్కతే. నేను కాదనలేదు.

“ఆయనకు పెళ్ళయిందండి” అన్నాను.

ఆవిడ చెంపలు వాయించుకుంది. “అయ్యయ్యో! పెండ్లాం ఉన్నదా? యాడున్నది?”

“ఇంట్లోనే ఉంటుంది. ఆరోగ్యం బాగుండదు. ఏళ్ళ తరబడి అంతే.”

“మరి ఆమెకు ఎరుకేనా?”

“అన్నీ తెలుసు” అన్నాను.

ఆవిడ మొహం మారిపోయింది. గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయింది. ఆయన వచ్చి కూర్చుని, “ఏమంటోంది?” అన్నారు. “ఏమీ లేదు, టీ బాగుందా అని అడిగింది” అన్నాను. ఆ వారమంతా గిన్నెలు గలగలలాడినా నాకు ఒంటరిగా అనిపించలేదు. అద్దంలో చూసుకున్నాను. కొప్పు వదిలి జడ వేసుకుందామని కూర్చుని, వేళ్ళు సహకరించక సగంలో వదిలేశాను. అయినా కోపం రాలేదు. ఇంట్లో ఉండే రోగిష్టి పెళ్ళాం ఎవరో, బస్సులో కూర్చునే నేనెవరో, ఇద్దరం వేరే వేరే మనుషులం అనిపించింది. ఆమె మీద కాస్త జాలి కూడా వేసింది.

మరుసటి ఆదివారం టీ రాలేదు. ఆయన కొట్టు వైపు చెయ్యి ఊపారు. ఆవిడ గ్లాసులు లేకుండా, నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చింది. నా వైపు చూడలేదు.

“సారూ, సదువుకున్నోనివి. ఇంట్ల పెండ్లాం పాణం బాగలేక పండితే, నువ్వీడ ఈమెతోని షికార్లు జేస్తున్నవా? జరంత శరముండాలె. రోగమొచ్చినంక ఇడిసిపెట్టెటందుకేనా లగ్గం చేసుకున్నది?”

కొట్టు దగ్గర డ్రైవరు పేపరు దించాడు. కండక్టరు బీడీ పట్టుకుని ఇటే చూస్తున్నాడు.

ఆయన తెల్లబోయారు. “నా పెళ్ళామా? నా పెళ్ళాం ఈవిడేనండి.”

“గట్లనే అంటరు.”

“అయ్యో, నిజమండి. ఈవిడేనండి.” నా వైపు తిరిగారు. నేను ఏదైనా అంటానని. నేను కిటికీ కమ్మీని చూస్తున్నాను. లోపల మాత్రం వేడుకుంటున్నాను, చెప్పకండి, ఈ ఒక్కటీ చెప్పకండి, తిట్లు పడితే పడ్డాం, నవ్వేసి ఊరుకోండి అని.

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఇన్ని ఆదివారాల్లో, పట్టపగలు, నలుగురి ముందు, ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. పట్టుకుని, శాలువాలోంచి బయటికి తీసి, కిటికీ దగ్గర వెలుతురులోకి ఎత్తి పట్టారు. ఎక్స్‌రే ఫిల్ము పట్టుకున్నట్టు.

“చూడండి. కీళ్ళవాతం. ఈ కణుపులు చూడండి, గాజులు ఎలా ఎక్కుతాయి? మెట్టెలు మేమే కోయించేశాం, వాపుకి. పొద్దున పూట మంచం మీద నుంచి లేవలేదండి. రక్తపరీక్ష ప్రతి నెలా చేయించాలి. మందులకు కడుపులో మంట, ఆ మంటకు ఇంకో మందు. మెట్లు ఎక్కలేదు, కింద కూర్చోలేదు. అందుకే బస్సులో కూర్చోబెడుతున్నానండి. గాలి తగులుతుందని.”

ఇన్నాళ్ళూ ఆయన గుక్క తిప్పుకోకుండా అంతసేపు మాట్లాడటం నేను వినలేదు. ఒక్క మాట తడుముకోలేదు. కాలవలో పడ్డ కథ చెప్పినప్పుడు కూడా మధ్యలో ఆగి ఆగి చెప్పారు.

ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు. కిటికీలోంచి చెయ్యి పెట్టి నా వేళ్ళు ముట్టుకుంది. “అయ్యో బిడ్డా, గిట్లైందా నీకు? గింత చిన్న పిల్లకు… మరి నాతోని గట్లెందుకు చెప్పినవే?”

“ఊరికే అన్నానండి” అన్నాను.

టీ వచ్చింది. ఆవిడ డబ్బులు తీసుకోలేదు. కొండాపూర్‌లో నేను దిగేచోట బస్సును గట్టుకు ఆనించి ఆపుతానన్నాడు డ్రైవరు. నేను వద్దన్నాను. తిరుగు ప్రయాణంలో ఆయన వెనక, నేను ముందు. కండక్టరు నాకు టికెట్టు ఇస్తూ, ఇన్నాళ్ళు లేని మర్యాదతో “మెల్లగ అక్కా” అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపు వచ్చింది.

ఇంటికి వచ్చి చెప్పులు విడవకముందే ఆయన అడిగారు. “నువ్వే చెప్పావా ఆవిడకి, నాకు వేరే పెళ్ళాం ఉందని?”

“వేరే పెళ్ళాం ఉందని చెప్పలేదు. పెళ్ళయిందని చెప్పాను. నిజమే కదా.”

“ఎందుకు చెప్పావు అలా? నీ గురించి ఎంత తప్పుగా అనుకున్నారో చూడు.”

“తప్పుగా అనుకుంటే బాగుంది” అన్నాను. “నేను రోగినని ఊరంతా అనుకుంటారు. వాళ్ళు ఒక్కళ్ళే నేను ఆడదాన్ని అనుకున్నారు. మీరు ఒప్పుకుంటే మీకేం పోయింది? అవునమ్మా, ఈవిడంటే నాకు పిచ్చి, అందుకే వస్తున్నానని ఒక్క మాట అనేస్తే ఏం పోయింది? తిట్టేది మిమ్మల్నే కదా. ఆ కాసేపు తిట్లు తినలేకపోయారా నా కోసం?”

ఆయన మంచం అంచున కూర్చున్నారు. దబాయించడం గానీ, తప్పించుకోవడం గానీ ఆయనకు చేతకాదు. నిజంగానే ఆలోచించారు.

“నాకు అది తోచనే లేదు” అన్నారు. “నువ్వు ఆ సీట్లో కూర్చుని నవ్వుతుంటావు. నేనూ నవ్వుతుంటాను. కానీ నాకు లోపల ఉండేది ఒకటే. తిరిగి దిగేటప్పుడు ఏ కాలు ముందు పెడతావో, అది బరువు ఆపుతుందో లేదో. ప్రతి ఆదివారం అదే. వేరే ఇంకేం ఉండదు.”

అది ప్రేమ కాదని ఎవరంటారు? దాన్ని పట్టుకుని పోట్లాడటానికి కూడా వీల్లేదు. లేచి పొయ్యి వెలిగించబోయాను. ఆయన వచ్చి, గ్యాసు నాబ్ తిప్పడం నీకు కష్టం కదా అని తనే తిప్పారు.

ఆ తర్వాత కూడా నానక్‌రామ్‌గూడకు వెళ్ళాం, ఎన్నో వారాలు. మానేద్దామంటే ఎందుకని అడిగేవారు, చెప్పడానికి నా దగ్గర కారణం లేదు. మేము ఎక్కబోతుండగానే కండక్టరు ఆయన్ని ముందు తలుపు దగ్గరికే పిలిచేవాడు, నా పక్క సీటు చూపించేవాడు. ఎవరైనా ఆడవాళ్ళు, “ఆడోల్ల సీట్ల మొగోడు కూసుంటడా?” అని గొడవ పెట్టుకుంటే, “పేషెంటమ్మా ఆమె, అటెండెంటు పక్కకుండాలె” అని సర్దిచెప్పేవాడు. వాళ్ళు నా చేతుల వైపు చూసి జరిగి కూర్చునేవారు. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ, దారి పొడవునా, జనం కిక్కిరిసినా సరే, నా మొగుడు నా పక్కనే కూర్చునేవారు. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.